యమగుచి మొమొయె 21 ఏళ్ళకే ఎందుకు మానేసింది? నాకు మింగుడు పడటం లేదు

పాతరికార్డు
ఈ మధ్య ఆఫీసు నుంచి వస్తూ రోజూ జపాన్ గాయని యమగుచి మొమొయె పాటలే వింటున్నాను. 1973లో, 14 ఏళ్ళప్పుడు మొదటి రికార్డు. 1980 అక్టోబర్ 5న టోక్యో బుడోకాన్‌లో ఆఖరి కచేరీ. అప్పటికి 21 ఏళ్ళు. ఆ తర్వాత పెళ్ళి చేసుకుని ఇంట్లో ఉండిపోయింది. పాట లేదు, సినిమా లేదు, టీవీ లేదు. నలభై ఏళ్ళు దాటినా మళ్ళీ వేదిక ఎక్కలేదు.
పాటలు వరసగా వింటే గొంతు ఏటికేడు ఎలా చిక్కబడుతూ వచ్చిందో తెలిసిపోతుంది. మొదటి పాట ‘తొషిగొరో’లో ఇంకా స్కూలు పిల్లే. 1978 నాటి ‘ఈ హి తబిదాచి’కి వచ్చేసరికి కింది స్థాయిలో ఎంత నిబ్బరంగా నిలబడుతుందో! ముప్పై ఏళ్ళకి ఆ గొంతు ఎలా ఉండేదో మనకి తెలియకుండా పోయింది. ఎవరైనా బలవంతంగా మాన్పించారా? జపాన్‌లో ఉన్నవాళ్ళు, జపనీస్ చదవగలిగినవాళ్ళు చెప్పండి.

నిజాంపేట_నవీన్
ఇందులో అడగడానికేముంది? 1980, ఆడపిల్ల, పెళ్ళి. ఎక్కడైనా అదే కథ.

కవాసాకి_కల్యాణి
నవీన్, అంత తేలిగ్గా తేల్చేయకు. ఆమెను ఎవరూ మాన్పించలేదు. నిజానికి మానొద్దని బతిమాలినవాళ్ళే ఎక్కువ. ఆమె వ్యవహారాలు చూసే హొరిప్రో కంపెనీకి అప్పట్లో ఆమె బంగారు బాతు. 1979 అక్టోబర్‌లో ఒసాకా కచేరీలో పాటల మధ్య ఆగి, తాను ప్రేమిస్తున్నది నటుడు మియురా తొమొకాజునని తనే ప్రేక్షకులకు చెప్పేసింది. పేపర్లవాళ్ళు బయటపెట్టింది కాదు. 1980 మార్చిలో నిశ్చితార్థం ప్రకటించి, పని పూర్తిగా మానేస్తానని కూడా అప్పుడే చెప్పింది. సెప్టెంబర్‌లో ‘అఓయి తొకి’ అని ఆత్మకథ వేసింది, పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఇంత ఏర్పాటుగా వెళ్ళిన మనిషిని బలవంతంగా మాన్పించారంటే ఎలా?

నిజాంపేట_నవీన్
ఎవరూ చెయ్యి పట్టి లాగక్కర్లేదు అక్కా. చుట్టూ ఉన్న లోకం అదే సరైన దారి అంటుంటే, అదే తన ఇష్టం అనిపిస్తుంది.

వీణాపాణి_టీచర్
నవీన్ మాట కొట్టిపారేయలేను. నాకు పెళ్ళయ్యాక కచేరీలు ఆగిపోయాయి. ఎవరూ వద్దనలేదు. అలాగని ఎవరూ పాడమనీ అనలేదు. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ మొదలుపెట్టాను, కానీ పై షడ్జం దగ్గర గొంతు మునుపటిలా తెరుచుకోలేదు. అందుకే ఒక పాటగత్తె మానేసిందని వినగానే, ఎంత ఇష్టపడి మానేసినా సరే, నాకు ముందు దిగులే వేస్తుంది.

గోదారిగట్టు
మన భానుమతి గారు పెళ్ళయ్యాకే కదా స్టూడియో పెట్టిందీ, సినిమా తీసిందీ, సొంత పాటలు పాడుకుందీ. అదీ 1940ల్లోనే. కాబట్టి ‘ఆ కాలం అంతే’ అన్న మాటకి నేను ఒప్పుకోను.

పాతరికార్డు
గోదారిగట్టు గారూ, నా మనసులో మాట చెప్పారు.

సినిమాపిచ్చి
అందరూ పాటే పట్టుకున్నారు. ఆమె నటి కూడా. ఆ సంగతి వదిలేస్తే ఎందుకు మానేసిందో సగమే అర్థమవుతుంది.
1974 చివర్లో ‘ఇజు నో ఒదొరికో’ వచ్చింది. కవబాతా యసునారి కథ. ఊరూరా తిరిగి ఆడిపాడే బృందంలో ఒక చిన్నపిల్ల, దారిలో కలిసిన ఒక విద్యార్థి. ఆ కథని అప్పటికే అయిదుసార్లు తీసేశారు. 1954లో మిసొరా హిబరి చేసింది, 1963లో యొషినాగా సయూరి చేసింది. సయూరితో తీసిన నిషికావా కత్సుమినే పదకొండేళ్ళ తర్వాత మొమొయెతో మళ్ళీ తీశాడు. అంటే ప్రతి తరంలో పేరొచ్చిన అమ్మాయికి ఆ పాత్ర ఒక పరీక్ష. అందులో హీరో తొమొకాజు. అంతకుముందు ఆ ఇద్దరూ మిఠాయిల కంపెనీ గ్లికో ప్రకటనలో కలిసి కనిపించారు.
జంట హిట్టయింది, ఇక వదల్లేదు. ఆ ఇద్దరి మీద మొత్తం 12 సినిమాలు! మిషిమా నవల ‘షియొసాయ్’, తనిజాకి ‘షున్‌కిన్‌షో’, ఇలా సాహిత్యంలో పేరున్న కథలన్నీ తీసుకుని ఈ ఇద్దరినీ అందులో పెట్టడమే. ఆఖరిది ‘కొతో’, మళ్ళీ కవబాతానే, దర్శకుడు ఇచికావా కొన్. అది 1980 డిసెంబర్‌లో విడుదలయ్యేసరికి ఆమె ఇల్లాలు అయిపోయింది.

చిట్టిగువ్వ
12 సినిమాలు ఒకే హీరోతో చేస్తే పెళ్ళి కాక ఇంకేమవుతుంది 😄

సినిమాపిచ్చి
అలా అయితే మన ఇండస్ట్రీలో సగంమంది వియ్యంకులు అయి ఉండాలి.

ఒసాకా_రాజు
నటిగా ఆమె గొప్పదేం కాదని నా అభిప్రాయం. ‘షున్‌కిన్‌షో’ చూశాను. కళ్ళు లేని సంగీతం టీచరు, పొగరు, క్రూరత్వం, ఆ పాత్రలో బోలెడు ఉంది. ఈమె దాన్ని మర్యాదగా చేసి వదిలేసింది. అభిమానులు భయపడతారని కాబోలు, ఎక్కడా కోరలు కనపడనివ్వరు.

సినిమాపిచ్చి
సినిమాల వరకు నువ్వన్నది కొంత నిజమే రాజూ. అవి ఆమె కోసం కోసి కుట్టిన కథలు. కానీ టీవీలో చూడు. టీబీఎస్‌లో వచ్చిన ‘అకాయ్’ సీరియల్స్, ముఖ్యంగా 1975లో మొదలైన ‘అకాయ్ గివాకు’. రేడియేషన్ ప్రమాదంలో లుకేమియా వచ్చిన అమ్మాయి, ప్రేమించినవాడే సవతి అన్న అని తేలడం, కథంతా కన్నీళ్ళే. అయినా ఆమె ఏడుపు ఎక్కడా పెంచదు. ముఖం దాదాపు కదలదు. చుట్టూ ఉన్న పెద్ద నటులు ఊగిపోతుంటే ఈ పిల్ల ఊరికే చూస్తూ ఉంటుంది, మనకేమో గొంతు పట్టేస్తుంది. పాటలోనూ ఆమె పద్ధతి అదే. ఎక్కువ చెయ్యదు.

మాటలమూట
‘అకాయ్ గివాకు’ అంటే గుర్తొచ్చింది. 1984లో చైనా టీవీలో వేస్తే అక్కడ ఊరూవాడా ఊగిపోయింది. మా టీమ్‌లో షాంఘై ఆవిడ ఉంది. మొమొయె పేరు చైనా ఉచ్చారణలో చెప్పగానే వాళ్ళమ్మ సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సీరియల్‌లో సచికో (మొమొయె వేసిన పాత్ర) వేసుకున్న జాకెట్టు లాంటిది వాళ్ళమ్మ కుట్టించుకుందట. దుకాణాల్లో ‘సచికో షర్టు’ అని అమ్మేవారట. అప్పటికి మొమొయె మానేసి నాలుగేళ్ళు. ఆమె ఇంట్లో వంట చేసుకుంటుంటే, పక్క దేశంలో ఆమె కొత్త హీరోయిన్!

పాతరికార్డు
ఇది నాకు తెలియదు. అద్భుతం. మరి నా బాధ ఇంకా పెరిగింది.

కవాసాకి_కల్యాణి
పాతరికార్డు గారూ, మీరు గొంతు గురించి అన్నారు కాబట్టి అసలు మలుపు చెప్తాను.
మొదట్లో ఆమె చేత ఏం పాడించారో తెలుసా? రెండో పాట ‘అఓయి కజిత్సు’, తర్వాత 1974లో ‘హితొనత్సు నో కెయికెన్’. పదిహేనేళ్ళ పిల్ల నోట పెద్దవాళ్ళ రెండర్థాల మాటలు. అమ్మాయికి అన్నిటికన్నా విలువైనది అబ్బాయికి ఇచ్చేస్తాను అనే పాట. ఇంటర్వ్యూకి వచ్చిన ప్రతి మగాడూ నవ్వుతూ, ఆ విలువైనది ఏమిటమ్మా అని అడిగేవాడు. ఆమె ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది: నిష్కల్మషమైన మనసు. అంతే, ఇంకో మాట లేదు. చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది, ఆ పిల్ల మీద చాలా గౌరవమూ కలిగింది.
తర్వాత 1976లో ‘యొకొసుకా స్టోరీ’. ఉజాకి ర్యూదో బాణీ, ఆయన భార్య అకి యోకో రాసింది. ఆ ఇద్దరి చేత రాయించండని కంపెనీని అడిగింది మొమొయేనే. అప్పటికి 17 ఏళ్ళు! మొమొయె పెరిగింది యొకొసుకాలోనే. ఆమె సింగిల్స్‌లో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది అదే. గొంతు కిందికి దిగింది అంటున్నారు కదా, అక్కణ్ణుంచే వినండి. అప్పటిదాకా పెద్దవాళ్ళు రాసిచ్చిన అమ్మాయి. ఆ తర్వాత ఆమే.

ఒసాకా_రాజు
యొకొసుకా అంటే అమెరికా నౌకాదళం ఉన్న రేవు పట్నం. పాటలో ఆ వాసన ఉంటుంది. ఇక్కడ కరోకేలో మా మేనేజర్ వయసువాళ్ళకి ఆ పాట మొదటి లైను వస్తే చాలు, బల్లలు బాదుతారు.

చిట్టిగువ్వ
ఎర్ర పోర్షే పాట ఆమెదేనా? మా సెన్సెయ్ (టీచరు) క్లాసులో వినిపించారు.

ఒసాకా_రాజు
ఆమెదే. ‘ప్లేబ్యాక్ పార్ట్ 2’, 1978. మధ్యలో వాయిద్యాలు ఠక్కున ఆగిపోతాయి చూడు, అక్కడ గుండె జారుతుంది. ఎన్‌హెచ్‌కేలో (జపాన్ పబ్లిక్ టీవీ) కంపెనీ పేర్లు పలకకూడదని పోర్షే తీసేసి కారు అని పాడించారు.

చిట్టిగువ్వ
పార్ట్ 2 అంటే పార్ట్ 1 ఏది? మన సీక్వెల్స్‌లా పేరుకేనా?

ఒసాకా_రాజు
పార్ట్ 1 కూడా ఉంది. ఆల్బమ్‌లో పెట్టారు, సింగిల్‌గా వేయలేదు.

మాటలమూట
ఆ 1978 ఏడాది చివర్లోనే ఎన్‌హెచ్‌కే ‘కోహాకు’ పాటల పోటీలో ఎర్ర జట్టు (గాయనుల జట్టు) తరఫున ఆఖరి పాట ఆమెది. డిసెంబర్ 31 రాత్రి జపాన్ మొత్తం చూసే ప్రోగ్రాం, ఆఖరి పాట అంటే పెద్ద గౌరవం. ఏళ్ళ తరబడి ఎన్కా (జపాన్ పాతతరం బాణీ పాటలు) పాడిన గాయనులకు ఇస్తారు. ఈమెకి 19 ఏళ్ళు. పాడింది ఆ పోర్షే పాటే.

నిజాంపేట_నవీన్
ఇన్ని చెప్పారు, నా ప్రశ్న అలాగే ఉంది. 17 ఏళ్ళకే నాకు ఫలానావాళ్ళు పాట రాయాలి అని అడిగి సాధించుకున్న మనిషి, 21 ఏళ్ళకి నేను పెళ్ళీ చేసుకుంటాను, పాటా పాడతాను అని ఎందుకు అనలేదు? అదే 1980లో గాయని మత్సుదా సెయికో వచ్చింది. 1985లో పెళ్ళి, బిడ్డ పుట్టాక కూడా పాడింది. జనం ఆదరించారు కదా!

కవాసాకి_కల్యాణి
సెయికో ఇల్లు వేరు, మొమొయె ఇల్లు వేరు నవీన్. మొమొయె తండ్రికి వేరే కుటుంబం ఉంది. తల్లి ఒక్కతే ఇద్దరాడపిల్లల్ని పెంచింది. ఈ పిల్ల మిడిల్ స్కూల్లో ఉండగా సెలవుల్లో ఇంటింటికీ పేపర్లు వేసింది. పాటల పోటీకి వెళ్ళిందీ, కంపెనీలో చేరిందీ అమ్మ కష్టం తీరాలనే. ఆత్మకథలో తండ్రి గురించి ఆమె రాసినవి చదివితే రాయిలా ఉంటాయి ఆ వాక్యాలు. అలాంటి అమ్మాయికి, సాయంత్రం దీపం పెట్టే వేళకి అందరూ ఇంట్లో ఉండే సంసారం అంటే మనకిలా మామూలు విషయం కాదు. ఆమెకి ఎన్నడూ దొరకనిది. పాట ఆమెకి దొరికింది, డబ్బూ పేరూ దొరికాయి. మిగిలింది ఇదే.

వీణాపాణి_టీచర్
ఇది చదివాక కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు.

సినిమాపిచ్చి
దీనికి పని భారం కూడా కలపండి. 1976 ఒక్క ఏడాది లెక్క చూడండి. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ‘అకాయ్ ఉన్మెయ్’ సీరియల్. జూన్‌లో ‘యొకొసుకా స్టోరీ’. ఎండాకాలం సినిమా ‘కజె తాచిను’. నవంబర్‌లో ‘అకాయ్ షోగెకి’ మొదలు. డిసెంబర్‌లో ‘షున్‌కిన్‌షో’ విడుదల. మధ్యలో మిగతా సింగిల్స్, కచేరీలు, వారం వారం టీవీలో పాటల ప్రోగ్రాములు. ఇవన్నీ కాక ఆమె అప్పుడు హైస్కూలు విద్యార్థిని! పాటగత్తె నటిస్తే రెండు పేర్లు వస్తాయి అనుకుంటాం. రెండు రోజుల పని ఒకే రోజులో చేయించుకోవడం అది. అలాంటి ఏడేళ్ళ తర్వాత చాలు అనిపించడంలో వింతేముంది?

పాతరికార్డు
అయితే కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకుని మళ్ళీ రావచ్చు కదా? ఆమెతో పాటు ‘స్టార్ తాంజో’ టీవీ పాటల పోటీ నుంచి వచ్చిన మొరి మసాకో అలాగే చేసింది. 1986లో పెళ్ళికని మానేసి, ఇరవై ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి పాడింది. ఎవరూ తప్పు పట్టలేదు.

ఒసాకా_రాజు
రాలేదు కాబట్టే అంత విలువ. వచ్చి ఉంటే పాత పాటలు పాడే ఇంకో పెద్దావిడ అయ్యేది.

వీణాపాణి_టీచర్
రాజు గారూ, ఈ మాట నాకు నచ్చలేదు. పాత పాటలు పాడే పెద్దావిడ అంటే తక్కువా? యాభై ఏళ్ళ గొంతులో ఉన్నది ఇరవై ఏళ్ళ గొంతులో ఉండదు. ఎప్పుడూ 21 ఏళ్ళ అమ్మాయిగానే ఆమెను గుర్తుపెట్టుకోవాలని మీకు అనిపించవచ్చు, దాన్ని ఆమె గొప్పతనంగా చెప్పకండి.

ఒసాకా_రాజు
టీచర్ గారూ, తక్కువని కాదు నా ఉద్దేశం. ఇక్కడి జనం ఆమెను తలుచుకునే తీరు చెప్పాను. ఏడాదికోసారి ఏదో ఒక పత్రిక ఆమె తిరిగి వస్తుందేమో అని రాస్తూనే ఉంటుంది.

పాతరికార్డు
టీచర్ గారికి నా ఓటు.

గోదారిగట్టు
‘కాస్మోస్’ విన్నారా ఎవరైనా? 1977. సదా మసాషి రాసిచ్చాడు. రేపు అత్తారింటికి వెళ్ళే కూతురు, పాత ఫొటోలు తిరగేస్తూ చిన్నప్పటి కబుర్లు మళ్ళీ మళ్ళీ చెప్పే అమ్మ. మా ఆవిడకి జపనీస్ ముక్క రాదు. అర్థం చెప్పాక, అచ్చం మన అప్పగింతల పాటేనండీ అని కళ్ళు తుడుచుకుంది. మొమొయె పాడినప్పుడు 18 ఏళ్ళు. పెళ్ళి ఆలోచనే లేని వయసు.

కవాసాకి_కల్యాణి
ఆ పాట ఆఖరి కచేరీ వీడియోలో చూడండి. 2021 జనవరిలో ఎన్‌హెచ్‌కే శుభ్రం చేసిన ప్రింటు వేసింది. మూడేళ్ళ ముందు పాడిన అదే పాట, పాడే తీరులో ఎంత తేడా వచ్చిందో. ఆఖర్న ‘సయొనరా నో ముకోగావా’ పాడుతూ ఏడుస్తుంది, పాటయ్యాక తెల్ల మైకు వేదిక మధ్య పెట్టి వెళ్ళిపోతుంది. ఆ ఫొటో అందరూ చూసే ఉంటారు. నాకు మాత్రం అంతకుముందు ప్రేక్షకులతో చెప్పిన మాట ముఖ్యం. నా ఇష్టం నేను నెగ్గించుకున్నాను, మన్నించినందుకు థాంక్స్, నేను సుఖంగా ఉంటాను, ఇదీ దాని సారాంశం. నవీన్, లోకం చెప్పిన దారిలో నడిచే మనిషి మన్నించమని అడగదు. అందరూ వద్దంటున్న పని చేస్తున్నాను అని తెలిసినవాళ్ళే అడుగుతారు.

నిజాంపేట_నవీన్
ఈ చివరి పాయింటు గట్టిదే. కానీ పెళ్ళాడిన తొమొకాజు మాత్రం నటిస్తూనే ఉన్నాడు కదా, ఇవాళ్టికీ. ఆయన్ని ఎవరూ పెళ్ళయ్యాక ఏం చేస్తావని అడగలేదు. నా కోపం ఆమె మీద కాదు. ఆ తేడా మీద.

వీణాపాణి_టీచర్
ఇప్పుడు సరిగ్గా చెప్పావు బాబూ.

చిట్టిగువ్వ
ఇద్దరు కొడుకుల్లో పెద్దాయన యుతారో పాటగాడు, రెండో ఆయన తకహిరో నటుడు. అమ్మ చేసిన రెండు పనులూ చెరొకటి పంచుకున్నారు 🙂

మాటలమూట
పెద్దాయన అమ్మ పాటలు కూడా పాడి రికార్డు చేశాడు. మరీ ఇబ్బందికరమైన ఉద్యోగం, జపాన్ మొత్తం పోల్చి చూస్తుంది.

గోదారిగట్టు
మరి ఆమె ఇప్పుడు ఏం చేస్తోంది?

కవాసాకి_కల్యాణి
బొంతలు కుడుతుంది. గుడ్డముక్కలు కలిపి కుట్టే క్విల్ట్ పని, ఏళ్ళ తరబడి గురువు దగ్గర నేర్చుకుంది. 2019లో మియురా మొమొయె పేరుతో ఆ బొంతల పుస్తకం వేసింది, అదీ బాగా అమ్ముడైంది. మా పక్కింటి పెద్దావిడ దగ్గర ఉంది, చూశాను. సరదాకి చేసిన పని కాదు, చెయ్యి తిరిగిన పని.

ఒసాకా_రాజు
సన్యో షిన్‌కన్‌సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కినవాళ్ళకి ఇంకో సంగతి. జేఆర్ వెస్ట్ కంపెనీ రైళ్ళలో స్టేషన్ ప్రకటన ముందు వచ్చే మెలొడీ ‘ఈ హి తబిదాచి’దే. తానిమురా షింజి బాణీ. అసలా పాట పుట్టిందే అప్పటి జపాన్ జాతీయ రైల్వే ప్రచారం కోసం. ఒసాకా నుంచి హకాతా వైపు వెళ్ళేటప్పుడు చెవులు రిక్కించండి.

చిట్టిగువ్వ
కొత్తగా వినేవాళ్ళకి ఒక వరస చెప్పండి ప్లీజ్. అన్నీ కలిపి వందలకొద్దీ కనిపిస్తున్నాయి.

పాతరికార్డు
2020లో అన్నీ ఒకేసారి ఆన్‌లైన్‌లో పెట్టేశారు, అందుకే అలా అనిపిస్తుంది. నా వరస: ముందు ‘యొకొసుకా స్టోరీ’, తర్వాత ‘కాస్మోస్’, ‘ప్లేబ్యాక్ పార్ట్ 2’, ‘ఈ హి తబిదాచి’. ఆ తర్వాత 1980 నాటి ‘రాక్ అండ్ రోల్ విడో’. పెళ్ళికి కొన్ని నెలల ముందు మగాళ్ళని అంతలా ఏడిపించే పాట పాడిన అమ్మాయిని నేను ఇంకెక్కడా వినలేదు. బుడోకాన్ రికార్డింగు మాత్రం ఆఖర్న వినండి.
కల్యాణి గారు చెప్పినవన్నీ విన్నాక, ఎవరూ మాన్పించలేదని ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్ళ గొంతు దక్కలేదన్న బాధ మాత్రం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

సినిమాపిచ్చి
వరసలో ‘కొతో’ సినిమా కూడా చేర్చు చిట్టిగువ్వా. పుట్టగానే విడిపోయిన కవల అక్కచెల్లెళ్ళు, ఇద్దరూ ఆమే. ఒకరు క్యోటోలో బట్టల వ్యాపారి ఇంట్లో పెరుగుతుంది, ఇంకొకరు కొండల్లో దేవదారు చెట్ల పనిలో. ఒసాకా రాజు అడిగిన కోరలు అందులోనూ లేవు. కానీ ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడినప్పుడు ఎవరు ఎవరో జుట్టూ చీరా చూడకుండానే చెప్పేయవచ్చు. రాజూ, అది చూసి వచ్చి నటిగా ఆమె గొప్పదేం కాదని మళ్ళీ అను, అప్పుడు వాదిద్దాం.

ఒసాకా_రాజు
చీరా? కిమోనో అన్నా!
సరే, ఈ శనివారం చూస్తాను. డబుల్ రోల్ అంటున్నావు కాబట్టి రెండింతలు విమర్శిస్తాను.